నిప్పు ముట్టించకుండా పద్దెనిమిది డిగ్రీలు

ఓమరూలో ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో కోటు విప్పుతారు. నోలీన్ మెకాస్కిల్ ఇంట్లో మాత్రం గుమ్మం దాటగానే ఇంకో స్వెటర్ తొడుక్కోవాలి. అందుకోసం తలుపు పక్కనే ఒక పెద్ద బుట్ట ఉండేది. అందులో తొమ్మిది స్వెటర్లు, అన్నీ ఆవిడ అల్లినవే. వచ్చినవాళ్ళ ఒడ్డూ పొడుగూ ఒకసారి ఎగాదిగా చూసి, సరిపోయేది తీసి చేతికిచ్చేది. పార్సిలు మీద సంతకం చేయించుకోడానికి వచ్చిన పోస్టు మనిషికీ స్వెటరే. ఒక జులైలో, అంటే మా వైపు నడి చలికాలంలో, చర్చి ఫాదరు చలికి నోట్లోంచి పొగ వదులుతూ, "అమ్మా నోలీన్, బయటే కాస్త వెచ్చగా ఉన్నట్టుంది, వరండాలో కూర్చుందామా?" అని అడిగాడు పాపం. ఆవిడ నొచ్చుకోలేదు. ఆయన నెత్తిన ఊలు టోపీ ఒకటి లాగి పెట్టి, టీలో ఇంకో చెంచా చక్కెర వేసింది.

చలికాలంలో పొద్దున ఆ ఇంట్లో ఎనిమిది డిగ్రీలు. మధ్యాహ్నం ఎండ తగిలితే పదకొండు. పదకొండు దాటిన రోజున ఆవిడ కిటికీ తెరిచేది.

ఇదంతా వాళ్ళ నాన్న పెట్టిన చట్టం. ఆయన రైల్వేలో సిగ్నల్ పని చేసేవాడు. తెల్లవారుజామున మంచు గడ్డల్లో లీవర్లు లాగి లాగి, చలి అంటే మనిషికి క్రమశిక్షణ అని ఎక్కడో మనసులో పడిపోయింది ఆయనకి. పిల్లలిద్దర్నీ వరండాలో, కిటికీలు బార్లా తెరిచి పడుకోబెట్టేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడతాయట! నోలీన్ అన్న రెజ్‌కి గట్టిపడ్డాయో లేదో గానీ, ఇరవయ్యో ఏట బ్రిస్బేన్ వెళ్ళిపోయి మళ్ళీ చలికాలంలో ఊరి మొహం చూడలేదు. నోలీన్ మిగిలిపోయింది. నాన్నని చూసుకుంది, నాన్న చట్టాన్నీ చూసుకుంది. ఎవరైనా "అబ్బ, చలి" అంటే ఆయనా అదే జవాబు, ఆవిడా అదే జవాబు. "ఇంకో స్వెటర్ వేసుకో."

ముప్పై నాలుగేళ్ళు స్కూలు బస్సు నడిపింది. బస్సులో హీటర్ ఉండేది, దాని మీట మాత్రం ఎప్పుడూ పనిచెయ్యలేదు. పిల్లలు దాన్ని ఫ్రిజ్ బస్సు అనేవారు, ఆవిడకి తెలుసు. అయినా కడుపులో పెట్టుకుని చూసుకుంది వాళ్ళని. చేతి తొడుగులు మర్చిపోయి వచ్చిన ప్రతివాడికీ అల్లి ఇచ్చింది. రిటైరైన రోజున ఆ పిల్లలంతా కలిసి ఆవిడకి వేళాకోళానికి ఒక పెద్ద గాజు థర్మామీటర్ బహుమానంగా ఇచ్చారు, చెక్కకి బిగించి. ఆవిడ దాన్ని మహా గర్వంగా ముందు గదిలో, చలి కాచుకునే నిప్పుగూడు మీద మేకుకి తగిలించింది. నాన్న పోయి పద్దెనిమిదేళ్ళయింది, పెళ్ళి లేదు, పిల్లల్లేరు. వచ్చేపోయేవాళ్ళలో రోజూ వచ్చేది పక్కింటి విల్మా ఒక్కతే. నెట్‌బాల్ పోటీలకి నలభై ఏళ్ళు స్కోరు రాసిన మనిషి. తొమ్మిది స్వెటర్లలో నీలంది ఆవిడ సొంతంలాగే అయిపోయింది.

ఇలా హాయిగా, గడ్డకట్టుకుని సాగిపోతున్న బతుకులోకి సెమిసి వచ్చాడు, కట్టెల ట్రాలీ తోలుకుంటూ.

మా ఊళ్ళో టోంగా దీవుల నించి వచ్చినవాళ్ళ చర్చి ఏటా శరదృతువులో, చలి ముదరకముందే, కట్టెలు అమ్ముతుంది, బ్యాండు వాయిద్యాల ఖర్చుకి. నోలీన్ ఏటా ఒక ట్రాలీ కొనేది. ఆ ఏడు కట్టెలు తెచ్చినవాడు సెమిసి. డెబ్బై ఏళ్ళ మనిషి, తలుపంత వెడల్పు, నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. కట్టెలు దించుదామని వెనకాల షెడ్డులోకి వెళ్ళి నిలబడిపోయాడు. మూడేళ్ళ కట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి, బెరళ్ళన్నీ ఒకే వైపుకి, చివరలన్నీ దారం పట్టి సరిచేసినట్టు.

"అమ్మా, ఇవి కాల్చుకోడానికి కాదా?" అన్నాడు.

"కాల్చడానికే. అవసరమైనప్పుడు."

"మూడేళ్ళుగా అవసరం రాలేదా! మొన్న వీధి కుళాయిలో నీళ్ళు గడ్డకట్టాయి, తెలుసా మీకు?"

"నేను కుళాయిని కాను" అంది నోలీన్.

అంతే, ఆయన ట్రాలీ పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. ఆ నవ్వు ఆగదే! నోలీన్‌కి మొదట ఒళ్ళు మండింది, తర్వాత పెదవి కొసలు అదిరాయి, తర్వాత ఆవిడకీ పొట్ట పట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజు కట్టెలు పేర్చడానికి అరగంట చాలు, వాళ్ళకి సాయంత్రం దాకా పట్టింది. ఆయన వంకరగా పెడితే ఆవిడ సరిచేసేది. ఆవిడ చూడనప్పుడు ఆయన మళ్ళీ వంకర చేసేవాడు. "మీకు బుద్ధుందా?" అని ఆవిడ కసిరితే, "ఉంటే ఇంత చలిలో మీతో కట్టెలు పేరుస్తానా?" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ నోలీన్ ఆ రాత్రి పక్క మీద పడుకుని పదహారేళ్ళ పిల్లలా దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వుకుంది.

తర్వాత రాకపోకలు మొదలయ్యాయి. అక్కడే వచ్చింది అసలు చిక్కు.

సెమిసి ముప్పై ఒక్క ఏళ్ళు ఊరి బయట మాంసం ఫ్యాక్టరీలో చల్లగదిలో పనిచేశాడు. సున్నాకి ఇరవై డిగ్రీల కింద, గొర్రె మాంసం పెట్టెలు ఎత్తడం. కనురెప్పలు అతుక్కుపోయేవి. మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నాడట, ఇంటికొచ్చాక మాత్రం చలి అన్న మాట వినకూడదని. భార్య ఉన్నన్నాళ్ళూ, ఆవిడ పోయి పదకొండేళ్ళయ్యాక కూడా, ఆ ఇంట్లో ఇరవై ఆరు డిగ్రీలు. మనవరాలు మెలియానే, మనవలు, మేనల్లుళ్ళు, అందరూ జులైలో కూడా బనీన్లతో తిరుగుతారు. గోడల మీంచి నీళ్ళు కారుతుంటాయి.

మొదటిసారి ఆదివారం భోజనానికి వెళ్ళిన నోలీన్ గుమ్మంలోనే ఉక్కిరిబిక్కిరయింది. ఒక స్వెటర్ విప్పింది. ఇంకోటి విప్పింది. ఉల్లిపాయ వలిచినట్టు అలా ఐదు విప్పి సోఫాలో పెట్టింది. సెమిసి బావమరిది మోసే, కంటిచూపు కాస్త మందం, ఆ కుప్పకి మర్యాదగా నమస్కారం పెట్టి, "భోంచేశారా అమ్మా?" అని అడిగాడు. ఈలోగా చేమాకు పొట్లాల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించిన మాంసం వచ్చింది. నోలీన్ రెండు ముద్దలు తిని, మూడో ముద్ద చేతిలో పట్టుకుని, కూర్చున్నచోటే గుర్రు పెట్టింది. గంటన్నర పడుకుంది. లేచేసరికి తల కింద దిండు, చుట్టూ పదకొండు మంది పిల్లలు.

"అత్త బతికే ఉంది తాతా!" అని అరిచింది మెలియానే.

ఇక ఆయన ఈవిడింటికి వచ్చినప్పుడు చూడాలి. బుట్టలో స్వెటర్లు ఆయనకి ఒక్కటీ పట్టవు. దుప్పటి కప్పుకుని, చెవులదాకా టోపీ దించి, తొడుగులు వేసుకున్న చేత్తో సూపు తాగేవాడు. చెంచా పళ్ళకి తగిలి టకటకలాడేది. అయినా వస్తూనే ఉన్నాడు. అల్లిక సూదులు తీసుకుని ఆయన కొలతకి ఒక స్వెటర్ మొదలెట్టింది నోలీన్. వెన్ను వరకు వచ్చేసరికి ఊలు అయిపోయింది, ఊళ్ళో ఆ రంగు ఊలే అయిపోయింది.

జూన్ మొదటి శనివారం మధ్యాహ్నం ఆయన దుప్పటి కప్పుకునే అడిగేశాడు.

"నోలీన్, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

విల్మా అక్కడే ఉంది, టీ కప్పు పట్టుకుని. కప్పు కిందపెట్టడం మర్చిపోయింది.

నోలీన్‌కి గుండె గుభేలుమంది. సంతోషంతోనే. ఊ అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఏ ఇంట్లో ఉంటాం?"

"నువ్వు చెప్పు."

"నేను ఇక్కణ్ణించి కదలను."

"సరే, ఇక్కడే ఉందాం. కానీ తల్లీ, పద్దెనిమిది డిగ్రీలు ఉండాలి. నీకోసం ఇరవై ఆరు నించి పద్దెనిమిదికి దిగాను. ముప్పై ఏళ్ళు నా ఎముకల్లో మంచు పోసుకున్నాను, అంతకన్నా దిగలేను."

ఏం మంచి మాట! ఎంత పద్ధతైన మాట! సరే అంటే అయిపోయేది. కానీ అరవై ఎనిమిదేళ్ళుగా ఒకేలా నడిచిన ఇల్లు, ఒంటరిగా పద్దెనిమిదేళ్ళు, ఎవరూ కుర్చీ కూడా జరపని ఇల్లు. ఇంట్లోకి ఇంకో మనిషి వస్తాడన్న ఆలోచనకే ఆవిడకి భయమేసింది. భయమేసినప్పుడు నోలీన్ వాళ్ళ నాన్నలా మాట్లాడుతుంది.

"ఈ ఇల్లు కట్టాక జూన్‌లో పద్దెనిమిది చూడలేదు. నిప్పు ముట్టించకుండా, కరెంటు వాడకుండా, ఆ థర్మామీటర్‌లో పద్దెనిమిది చూపించు, చేసుకుంటాను!" అనేసింది.

అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. కానీ విల్మా వినేసింది. విల్మా అప్పటికే సంచీలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటోంది, అలవాటు కొద్దీ.

సెమిసి థర్మామీటర్ వంక చూశాడు. తొమ్మిదిన్నర. గది నాలుగు మూలలూ చూశాడు. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు.

"మా వాళ్ళు చూడ్డానికి రావచ్చా?"

"నీ ఇష్టం."

"అయితే ఈ నెల ఆఖరి శనివారం" అని దుప్పటి మడతపెట్టి ఇచ్చి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

విల్మా అప్పుడు విరుచుకుపడింది. "ఒసే దరిద్రపుదానా, బంగారంలాంటి మనిషి! ఆ ఎర్రగీత పద్దెనిమిదికి ఎక్కడం నీ జన్మలో చూస్తావటే? నో అనాలనుకుంటే నో అని ఏడవచ్చుగా!"

"నేను నో అనలేదు" అంది నోలీన్.

"మరి ఊ అను, పో. ఇంకా వీధి మలుపులోనే ఉంటాడు. పరిగెత్తు!"

నోలీన్ పరిగెత్తలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. వాళ్ళ నాన్న ఒకసారి టీలో చక్కెర వద్దని పొరపాటున అని, చచ్చేదాకా చప్పటి టీ తాగాడు. అదే రక్తం.

ఆ మూడు వారాలూ ఆవిడ పడ్డ పాట్లు చెప్పాలంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పొద్దున లేచిందే తడవుగా థర్మామీటర్ ముందు నిలబడేది. ఎనిమిది. పళ్ళు బిగబట్టి తిట్టేది దాన్ని. ఒక బుధవారం విల్మా చెప్పాపెట్టకుండా లోపలికొస్తే, నోలీన్ మోకాళ్ళ మీద కూర్చుని కిటికీ సందుల్లో పాత న్యూస్‌పేపర్లు కుక్కుతోంది. నేల పలకల మధ్య కూడా కుక్కేసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఎలకలు" అంది నోలీన్, తలెత్తకుండా.

"అరవై ఎనిమిదేళ్ళల్లో రాని ఎలకలా?"

"ఇప్పుడొచ్చాయి!"

విల్మా పక్కనే కూర్చుని ఇంకో పేపరు చింపి ఇచ్చింది. తర్వాత, "ఎలకలకి నిప్పుగూటి గొట్టం కూడా ఇష్టం, అక్కడ దిండు పెట్టు" అంది. పెట్టింది నోలీన్.

ఆఖరి శనివారం వచ్చింది. బయట నాలుగు డిగ్రీలు, గడ్డి మీద తెల్లగా మంచు. లోపల తొమ్మిది. విల్మా ఈలతో సహా దిగింది, నెట్‌బాల్ ఈల, మెళ్ళో వేలాడేసుకుని. షరతులు గట్టిగా చదివింది. నిప్పు లేదు, కరెంటు లేదు, మధ్యాహ్నం మూడింటితో సరి. అంతకుమించి గడువు లేదు, ఎందుకంటే సెమిసి వైపువాళ్ళలో సగం మందికి మూడున్నరకి ఫ్యాక్టరీలో షిఫ్టు.

"నేను ఏ పక్షమూ కాదు, వరండాలో ఉంటాను" అని ప్రకటించింది నోలీన్, తల పైకెత్తుకుని. చేతులు మాత్రం స్వెటర్ అంచుని నలిపేస్తున్నాయి.

పన్నెండున్నరకి మొదటి వ్యాను వచ్చింది. సెమిసి దిగాడు, మోసే దిగాడు, మెలియానే దిగింది, ఇంకో ఎనిమిది మంది దిగారు. దాని వెనక ఇంకో వ్యాను. దాని వెనక చర్చి బస్సు! అందులోంచి భారీ అత్తలు, వాళ్ళకన్నా భారీ బాబాయిలు, రగ్బీ ఆడే కుర్రాళ్ళు, చంకలో పసిపిల్లలు, పాటల బృందం, వాళ్ళ వెనకాల ఇత్తడి బ్యాండు. "మాలో ఎ లెలేయ్! మాలో ఎ లెలేయ్!" అని వాళ్ళ భాషలో పలకరిస్తూ నోలీన్‌ని ప్రతివాళ్ళూ వాటేసుకుని, బుగ్గకి బుగ్గ ఆనించి లోపలికి వెళ్తున్నారు. ఇరవయ్యో మనిషి వాటేసుకున్నప్పుడు గానీ ఆవిడకి వెలగలేదు. మనుషులు! మనుషులు కూడా వెచ్చగా ఉంటారు! ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో మనిషి అంటే ఒక్కరే కాబట్టి ఆ లెక్క ఆవిడ బుర్రకి తట్టనేలేదు. నిప్పు వద్దంది, కరెంటు వద్దంది, మనుషులు వద్దనడం మర్చిపోయింది.

"విల్మా! ఇది చెల్లుతుందా?" అంది. వద్దంటుందేమోనని ప్రాణం గిలగిలలాడింది.

విల్మా పుస్తకం తిరగేసింది. "మా వాళ్ళు చూడ్డానికి రావచ్చా అన్నాడు. నీ ఇష్టం అన్నావు. చెల్లుతుంది."

నోలీన్ అటు తిరిగి పెదవులు బిగబట్టుకుంది. ముఖం అంతా నవ్వే.

మొదటి గొడవ తిండి దగ్గర వచ్చింది. అత్తలు నేలపొయ్యిలోంచి తీసిన పొట్లాలు పొగలు కక్కుతూ తెచ్చారు. విల్మా ఈల ఊదింది. "వేడి తిండి నిప్పు కిందే లెక్క! బయటే తినాలి!" అత్తలు నడుం మీద చేతులేసుకున్నారు. చివరికి రాజీ ఏమిటంటే, పొట్లాలు బయట, తిన్న కడుపులు లోపల. అందరూ మంచులో నిలబడి గబగబా తినేసి, పొట్టలు నిమురుకుంటూ లోపలికి దూరారు. నేల మీద మొగలాకు చాపలు మూడు వరసలు పరిచారు, గోడలకి చెట్టు బెరడుతో చేసిన పెద్ద పెద్ద గుడ్డలు వేలాడదీశారు. చాపలకి నిషేధం లేదు. తలుపు మూశారు. విల్మా తలలు లెక్కపెట్టింది, యాభై మూడు, పసిపిల్లలతో కలిపి.

పదకొండు డిగ్రీలు. పదమూడు.

నోలీన్ వరండాలో కిటికీకి ముక్కు ఆనించి నిలబడింది. లోపల పాట మొదలైంది. టోంగా వాళ్ళ పాట వినాలి మీరు, ఇంటి పలకలు గుండెల్లా కొట్టుకుంటాయి. బ్యాండు అందుకుంది. అన్నిటికన్నా పెద్ద బాకా కిటికీలోంచి సగం బయటికొచ్చేలా ఉంది. ఎవరో అత్త కొంగు బిగించినట్టు చాప నడుముకి బిగించి ఆట మొదలెట్టింది, కుర్రాళ్ళు నేల అదిరేట్టు గంతులేశారు.

పద్నాలుగున్నర. పదహారు!

కిటికీ అద్దం ఆవిరికి తెల్లబడిపోయింది. నోలీన్ చేత్తో తుడిచింది, ఆవిరి లోపలుంటే బయట తుడిచి ఏం లాభం! అద్దం మీద దబదబ కొట్టింది. లోపల్నించి మెలియానే అరచేత్తో ఒక గుండ్రం తుడిచి, వేళ్ళు చూపించింది. పదహారున్నర.

"కాలు బలంగా వెయ్యమను!" అని అరిచింది నోలీన్, ఏ పక్షమూ కాని నోలీన్.

లోపల తలుపు దగ్గర సెమిసి కాపలా. ఎవరైనా వెనకాల స్నానాలగదికి వెళ్ళాలంటే తలుపు తెరవాలి, తెరిస్తే అర డిగ్రీ పోతుంది. అందుకని ఎవర్నీ కదలనివ్వడం లేదు. ముసలి మోసేకి పదినిమిషాలుగా అవసరం. "బావా, నీకు దండం పెడతాను" అంటున్నాడు. "పెళ్ళయ్యాక వెళ్దువుగాని, పాడు!" అంటున్నాడు సెమిసి. మోసే ఒంటికాలి మీద పాడాడు. ఆ గమకాలు చూసి బ్యాండు వాళ్ళు వేగం పెంచారు.

రెండూ ముప్పావు. పదిహేడున్నర.

అక్కడ ఆగిపోయింది.

పాడారు, గెంతారు, ఒకళ్ళనొకళ్ళు అతుక్కుని నిలబడ్డారు, రగ్బీ కుర్రాళ్ళు పసిపిల్లల్ని థర్మామీటర్ దగ్గరికి ఎత్తిపట్టుకున్నారు. ఎర్రగీత కదలదు. పాత ఇల్లు మరి, పేపర్లు కుక్కని సందులు ఇంకెన్ని ఉన్నాయో. లోపల గొంతులు బొంగురుపోయాయి. ఒక బాబాయి చాప మీద కూలబడ్డాడు. షిఫ్టు వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. మెలియానే గుండ్రంలోంచి చూపించిన వేళ్ళు మారడం లేదు, పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ వెనకాల సెమిసి కనిపించాడు. చొక్కా తడిసి ముద్దయింది, నవ్వడం మానేశాడు. నోలీన్ ఆయన్ని నవ్వకుండా ఎప్పుడూ చూడలేదు. ఓడిపోయి, దుప్పటి మడతపెట్టి ఇచ్చి, మర్యాదగా వెళ్ళిపోతాడు. మాటంటే మాటే ఆయనకి కూడా.

రెండూ యాభై ఐదు.

నోలీన్ తలుపు తోసింది.

"తలుపు! తలుపు!" అని యాభై మూడు గొంతులు అరిచాయి. చల్లగాలి విసురుకి ఎర్రగీత పదిహేడుకి దిగిపోయింది. ఆవిడ ఎవర్నీ పట్టించుకోలేదు. అత్తల మధ్యనించి, బాకా కిందనించి, చాప మీద కూలబడ్డ బాబాయిని దాటుకుని, మోచేతులతో దారి చేసుకుంటూ నిప్పుగూడు దగ్గరికి చేరింది. మేకు మీంచి థర్మామీటర్ ఊడబీకింది. స్వెటర్లు ఐదూ ఒక్క గుంజుతో పైకి లేపి, చెక్కతో సహా గాజు గొట్టాన్ని చంకలో పెట్టుకుని చెయ్యి గట్టిగా అదిమేసింది.

పసిపిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

విల్మా ఈల చెవులు చిల్లులు పడేట్టు మోగింది. "మోసం! తొండి! నలభై ఏళ్ళల్లో ఇలాంటి తొండి చూళ్ళేదు!"

"తొండేమిటే? వీళ్ళందరి ఒంటి వేడి లెక్కలోకి వచ్చింది కదా?"

"వచ్చింది."

"నా ఒక్కదాని వేడి ఏం పాపం చేసింది? నేను ఈ ఇంటి మనిషిని కానా?"

విల్మా పుస్తకం చూసింది, అందులో చంకల గురించి ఏమీ రాసి లేదు. కళ్ళజోడు సవరించుకుంది. "తియ్యి, చూస్తాను."

నోలీన్ తీసింది. గడియారంలో మూడుకి ఒక్క నిమిషం తక్కువ. విల్మా వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూసింది.

"ముప్పై రెండు" అంది.

ఇల్లు కూలిందనుకున్నారట వీధి చివరివాళ్ళు. బాకా మోగింది, డోలు మోగింది, అత్తలు విల్మాని ఎత్తేశారు. "తలుపు తియ్యండ్రా, పెళ్ళయిపోయింది!" అంటూ మోసే వెనక్కి దూసుకుపోయాడు. సెమిసి మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. జనమే ఆయన్ని తోసుకుంటూ తోసుకుంటూ తెచ్చి నోలీన్ ముందు నిలబెట్టారు. ఇద్దరికీ మధ్య జానెడు చోటు కూడా లేదు.

"నువ్వు గెలిచేదానివి కదే" అన్నాడు. "ఇంకో ఐదు నిమిషాలు బయట నిలబడుంటే నువ్వే గెలిచేదానివి."

"తెలుసు" అంది నోలీన్. "ఎక్కడ గెలిచిపోతానో అని మూడు వారాలుగా నిద్రపోలేదు నేను."